ఫోనున్న చోటే మనిషి

గాజుగొట్టాన్ని ముందు ఆ కుళాయి నీళ్లతోనే కడగాలి. తర్వాత గీత దాకా నీళ్లు పట్టి, రెండు బొట్లు మందు వేసి, రబ్బరు మూత పెట్టి మెల్లగా ఆడించాలి. నీళ్లు పసుపు రంగుకి తిరిగితే తాగడానికి పనికొచ్చేవన్నట్టు. తిరగకపోతే నీటి సరఫరా ఆఫీసుకి కబురు చేసి, ఆ వీధి కుళాయిలు అప్పటికప్పుడు ఆపించాలి. పొద్దున్నే వీధి వీధీ తిరిగి ఈ పని చేసే మనిషిని జనం నీళ్లమ్మ అంటారు. అసలు పేరు ఆఫీసు హాజరుపట్టీలో ఉంది కానీ, పాపం, దాన్ని పిలిచేవాళ్లే లేరు.

పరీక్ష చేయడం ఒక ఎత్తు, చేసినట్టు ఫొటో తీయడం ఒక ఎత్తు. ఎడమచేత్తో గొట్టం పైకెత్తి, దాని వెనక ఇంటి నంబరు పలక కనిపించేలా నిలబడి, కుడిచేత్తో ఫోను పట్టుకోవాలి. తడి వేలు తగిలితే ఆ ఫోను తెర ఉలకదు, పలకదు. అందుకని నీళ్లమ్మ ముక్కుతో నొక్కడం నేర్చుకుంది. ముక్కుతో చేసే సర్కారు ఉద్యోగం మనదొక్కటేనని తోటి ఉద్యోగి సోడాబుడ్డి అంటుండేవాడు. కళ్లద్దాల మందాన్ని బట్టి అతనికా పేరు వచ్చింది. అదే పని ఇంకో పేటలో చేసేవాడు.

ఆ ఫోను ఆఫీసు ఇచ్చింది కాదు. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే ఆమె మొగుడు ఇంటిల్లిపాదికీ కలిపి కొన్నది. డిపోలో ఫోను పట్టుకుంటే గ్రీజు అంటుతుందని అతను మాత్రం ఓ పాత మీటల ఫోనుతో సరిపెట్టుకుంటాడు. ఎవరి ఫోన్లో వాళ్లు హాజరు యాప్ పెట్టుకోవాలి, యాప్ లేనివాళ్లకి హాజరు లేదు అని నోటీసు వచ్చాక ఆ ఫోన్లోకి ఆఫీసు కూడా కాపురానికొచ్చింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మన ఫోన్లతో ఆఫీసు గొప్పదైపోయిందని సోడాబుడ్డి ఆరోజే అన్నాడు. అందరూ నవ్వి, అందరూ యాప్ పెట్టుకున్నారు.

సోమవారం మీటింగులో ఇంజనీరుగారు దీపాలు ఆర్పించారు. ఆయన కొత్తగా వచ్చినవాడు, వయసులో చిన్నవాడు, ఎవరినీ పరుషంగా ఒక్క మాటన్నది లేదు. కంప్యూటరు దగ్గర కూర్చునే అమ్మాయి మీటలేవో నొక్కగానే తెల్లగోడ మీద ఊరి పటం వెలిగింది. పటం నిండా ఎర్రచుక్కలు.

"ఇవన్నీ మీరే," అన్నారు ఇంజనీరుగారు ముచ్చటగా. "మన యాప్ ఎంత బాగా పనిచేస్తోందో చూడండి."

జనం వింతగా ముందుకు వంగారు. సోడాబుడ్డి చుక్క రోజూ ఒకే టీకొట్టు దగ్గర ఆగి కదలకపోవడం చూసి హాలంతా ఘొల్లుమంది. నీళ్లమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు పెదాల మీద ఉండగానే పటం మీదికి ఆమె చుక్క వచ్చింది. పొద్దున్న తిరిగిన వీధులన్నీ వరసగా, ఒక్కటీ తప్పకుండా ఉన్నాయి. ఇంజనీరుగారు మెచ్చుకోలుగా తలాడించి, "ఇక సాయంత్రానివి పెట్టమ్మా," అన్నారు.

చుక్క ఇల్లు వదిలింది. పెద్దరోడ్డెక్కి, వంతెన దాటి, ఊరికి అటు చివర ఉన్న ప్రైవేటు ఆసుపత్రి మీదికెళ్లి కూర్చుంది. చీకటిపడే వేళకి తిరిగి ఇంటికొచ్చింది. కంప్యూటరమ్మాయి తారీఖు మార్చింది. మళ్లీ అదే దారి, అదే ఆసుపత్రి. ఇంకో తారీఖు మార్చింది, మళ్లీ అదే.

"ఏమ్మా, సాయంత్రాలు అక్కడ చేస్తున్నావా?" అని అడిగారు ఇంజనీరుగారు. "సర్కారు పనిలో ఉండి ఇంకోచోట పనిచేస్తే ఉద్యోగం పోతుందని తెలుసు కదా?"

నీళ్లమ్మకి ప్రశ్న అర్థం కావడానికే కొంతసేపు పట్టింది. "సాయంత్రం నేను ఇంట్లో ఉంటాను సార్. వంట చేసుకుంటూ ఉంటాను."

"ఫోనున్న చోటే మనిషి కదమ్మా."

"నేనా ఆసుపత్రి గుమ్మం కూడా ఎక్కలేదు సార్."

"గురువారంలోగా రాసివ్వు. లేకపోతే పనిలోంచి నిలిపేయక తప్పదు. నా చేతుల్లో ఏం లేదు," అంటూ ఆయన ఒక కాగితం చాచారు. ఆమె లేచి వెళ్లి అందుకుంది. ఇంతకుముందు సోడాబుడ్డిని చూసి నవ్విన హాలులో ఇప్పుడు ఒక్కరూ దగ్గలేదు.

ఆమె కూర్చోబోతూ గోడకేసి ఇంకోసారి చూసింది. అప్పుడు పడింది అసలు దెబ్బ. ఉద్యోగం మాట పక్కనుంచితే, డ్యూటీ కాని వేళల్లో ఆమె ఎక్కడెక్కడికి వెళ్లిందో కూడా ఈ గోడకి తెలుసు. కిందటి ఆదివారం ఏ ఆడడాక్టరు దగ్గర ఎంతసేపు కూర్చుందో తెలుసు. మొగుడితో పోట్లాడి పుట్టింటికి పోదామని బస్టాండు దాకా వెళ్లి, మనసొప్పక తిరిగొచ్చిన పూట కూడా ఆ కంప్యూటరులో ఎక్కడో ఉంది. నిండా బట్టలు కట్టుకునే ఉన్నా, ఆమె చేతులు తమంతట తామే ఒంటిమీది బట్ట సర్దుకున్నాయి.

బయట మెట్ల మీద సోడాబుడ్డి ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు. "నువ్వు అలాంటి దానివి కావని అందరికీ తెలుసులేమ్మా," అని, "సాయంత్రంపూట ఆ ఫోను ఎవరి దగ్గరుంటుంది?" అన్నాడు.

చెప్పబోయి నోరు మూసుకుంది నీళ్లమ్మ. సాయంత్రంపూట ఫోను అత్తగారి దగ్గర ఉంటుంది.

*

అత్తగారికి షుగరుంది. రోజూ నడిచి తీరాలని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆవిడ సాయంత్రాలు పార్కుకి వెళుతోంది. దారిలో కళ్లు తిరిగితేనో, మోకాలు పట్టేస్తేనో ఎలాగని ఫోను పట్టుకెళ్లమన్నది నీళ్లమ్మే. వద్దు వద్దంటున్నా వినకుండా, ఆవిడ శాలువాకి లోపలివైపు జేబు కుట్టి మరీ అందులో పెట్టింది. ఆ వయసులో ఒక్కరోజు మానకుండా నడుస్తోందని ఇరుగుపొరుగువాళ్లు ఆవిణ్ని వాళ్ల అత్తలకి ఉదాహరణగా చూపిస్తారు.

ఆ సాయంత్రం ఆవిడ తిరిగొచ్చేసరికి నీళ్లమ్మ పొయ్యి దగ్గరుంది. అత్తగారు చెప్పులు విడిచి, ఫోను తీసి గూట్లో పెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"పార్కులో జనం బాగా ఉన్నారా అత్తయ్యా?"

"ఉన్నారు. కూర్చోడానికి బల్ల కూడా దొరకలేదు," అంది ఆవిడ కాలి మడమ ఒత్తుకుంటూ. "ఆ కూరలో ఉప్పు చూసి వెయ్యి. నిన్న కాస్త ఎక్కువైంది."

నీళ్లమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవిడ మాటంటే రాతిమీద గీత. పాలవాడు చెంబు కొలత తగ్గించాడని ముఖం మీదే కడిగేసిన మనిషి, మనవరాలు చిన్న అబద్ధమాడితే పూటంతా పలకరించని మనిషి, కనురెప్ప ఆడించకుండా అంత మాట అనేసింది. అన్నాక ఉప్పు సంగతి కూడా మాట్లాడింది. నీళ్లమ్మకి ఆ అబద్ధం కంటే ఆ ఉప్పే ఎక్కువ భయం పుట్టించింది.

రాత్రి భోజనాల దగ్గర మొగుడు డిపోలో జరిగిన తమాషా ఏదో చెబుతుంటే ఊ కొట్టింది. చెబితే అతను ముందు తల్లి మీద అరుస్తాడు, తర్వాత ఆఫీసు మీద, చివరికి ఈమె మీద. అత్తగారు ఆసుపత్రికి రోజూ వెళ్లేంత జబ్బేమైనా దాస్తోందేమోనన్న అనుమానం కూడా ఓ పక్క పీకుతోంది. ముందు కళ్లతో చూడాలనుకుని కాగితాన్ని బియ్యం డబ్బా కింద పెట్టింది.

మర్నాడు అత్తగారు బయల్దేరగానే ఆమె కూడా తాళం వేసి వెనకే నడిచింది. పార్కు గేటు ముందు నుంచే వెళ్లింది అత్తగారు. లోపలికి చూడనైనా చూడలేదు. బస్సెక్కింది. నీళ్లమ్మ వెనక తలుపులోంచి ఎక్కి, నిలబడ్డవాళ్ల చాటున నిలబడింది. తేలు కుట్టిన దొంగలా ఉంది ఆమె పరిస్థితి. దిగాల్సిన చోటు ముందే తెలుసు కాబట్టి కిటికీ కూడా చూడలేదు.

ఆసుపత్రికి ఎదురుగా, రోడ్డుకి ఇవతల బస్‌స్టాపు ఉంది. అత్తగారు అక్కడే బల్ల చివర కూర్చుంది. శాలువా తలమీదికి లాక్కుంది. బస్సు వచ్చింది, వెళ్లింది. ఇంకోటి వచ్చింది. ఆవిడ లేవలేదు. పండ్లబండి చాటు నుంచి చూస్తున్న నీళ్లమ్మకి ఏమీ పాలుపోలేదు. ఆసుపత్రి అక్కడుంటే ఈవిడ ఇక్కడ కూర్చోడమేమిటి?

కాసేపటికి ఎదురుగేటులోంచి తెల్లబట్టల నర్సు ఒకామె బయటికొచ్చింది. గేటు పక్కన టీబండి దగ్గర ఆగి, కప్పు తీసుకుని, రోడ్డుకి వీపు పెట్టి నిలబడి తాగసాగింది. నడుము మీద చెయ్యి ఆనించుకుని నిలబడే ఆ తీరు నీళ్లమ్మ ఎక్కడో చూసింది. ఎక్కడో ఏమిటి, తన మొగుడు నిలబడేదే అలాగ. ఆమె వదిన. మొగుడి అక్క.

ఆ పేరు ఇంట్లో ఎత్తకూడదు. మామగారు ఆఖరి రోజుల్లో ఊపిరి యంత్రం మీద ఉన్నప్పుడు, ఇక లాభం లేదు, నాన్నని హింసపెట్టొద్దు, యంత్రం తీసేయమని డాక్టర్లకి సంతకం పెట్టింది ఈ వదినే. నర్సు కదా, తెలిసిన మనిషి కదా అని అందరూ ఊరుకున్నారు. అత్తగారు ఊరుకోలేదు. నా మొగుణ్ని చంపుకున్నావు, నీ గుమ్మం నేను తొక్కను, నా గుమ్మం నువ్వు తొక్కొద్దు, నీతో మాటా లేదు, మంచీ లేదు అని శవం లేవకముందే పదిమందిలో అనేసింది. రాతిమీద గీత.

ఇప్పుడా మనిషి బల్ల చివర కూర్చుని, రోడ్డవతలి వీపుని చూస్తోంది. శాలువా అంచుని వేళ్లతో నలుపుతోంది. అవతల వదిన కప్పు పారేసి, చెయ్యి విదిలించి, మలుపు తిరిగి వెళ్లిపోయింది. ఇవతల అత్తగారు మోకాలు పట్టుకుని లేచి, వచ్చిన బస్సెక్కింది. అంతే. గుమ్మం తొక్కలేదు, మాట్లాడలేదు. ఒట్టు పొల్లుపోలేదు. నీళ్లమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. పండ్లవాడు కొంటారా లేదా అని గదిమితే, కొనకుండానే వచ్చేసింది.

*

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. చెబితే, ఈ ముసలావిడ తనలోనే దాచుకున్న సంగతి ఊరి గోడెక్కుతుంది. బుధవారమంతా గొంతులో మాట గొంతులోనే ఉంది. ఆఖరికి అత్తగారే పట్టుకుంది.

"ఏమే, రెండు రోజుల నుంచి నా మొహంలో ఏం వెతుకుతున్నావు? ఏమైంది?"

నీళ్లమ్మ బియ్యం డబ్బా ఎత్తి కాగితం తీసింది. చదివి వినిపించలేక మడిచి చేతిలోనే పట్టుకుంది. "అత్తయ్యా, మన ఫోను ఎక్కడికెళితే అక్కడల్లా మా ఆఫీసులో కనిపిస్తోంది. గోడమీద పటంలో చూపించారు. సాయంత్రాలు నేను ఆసుపత్రిలో పనిచేస్తున్నానని అంటున్నారు."

"ఎక్కడ కనిపిస్తోంది?"

"గోడమీద. ఎర్రచుక్కలాగా."

"అంటే నేనెక్కడ కూర్చుంటున్నానో మీ ఆఫీసోళ్లకి తెలుసా?"

"మనిషి కనిపించదు అత్తయ్యా. చుక్కే."

"ఎంతమంది ఉన్నారప్పుడు?"

"అందరూ ఉన్నారు."

ఆవిడ చెయ్యి శాలువా మీదికి వెళ్లింది. ఇంట్లో తలమీద శాలువా లేదు, భుజం మీదే ఉంది. దాన్నే గట్టిగా దగ్గరికి లాక్కుంది. ఆ మొహంలో కోపం వస్తుందని నీళ్లమ్మ కాచుకుని ఉంది. కోపం కాదు, స్నానాలగది తలుపు ఎవరో తోసినప్పుడు ఆడమనిషి మొహంలో కనిపించేది కనిపించింది. నీళ్లమ్మ తల దించుకుంది.

"నువ్వు కూడా వచ్చి చూశావు," అంది ఆవిడ. అడగలేదు, అంది.

"చూశాను."

"వాడికి చెప్పావా?"

"లేదత్తయ్యా."

అత్తగారు గోడకి జారబడింది. శాలువా తీసి మడిచింది, మళ్లీ విప్పింది, మళ్లీ మడిచింది. "ఆరోజు సంతకం పెట్టడానికి దాని దగ్గర పెన్ను లేదు. జేబులోంచి తీసిచ్చింది వీడే. వీడికీ ఇష్టమే, దానికీ ఇష్టమే. తిట్టింది మాత్రం దాన్నొక్కదాన్నే."

పన్నెండేళ్ల కాపురంలో నీళ్లమ్మకి మొగుడు ఆ పెన్ను మాట ఒక్కసారి చెప్పలేదు. అక్క ఊసొస్తే కంచం ముందు నుంచి లేచిపోతుంటే, అది కోపమని అనుకుంది ఇన్నాళ్లూ.

"అది కూడా వాడి పేరు చెప్పలేదు చూడు. మాటపడి ఊరుకుంది," అంది అత్తగారు. "నేను కొడుకు పంచన బతకాల్సిన దాన్ని. కొడుకుని తిడితే ఎక్కడికి పోను? అందుకని కూతుర్ని తిట్టాను. పోనీ, ఆ తిట్టడం తిట్టడం పదిమందిలో తిట్టాను. ఇక ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

పొయ్యి మీద ఏదో మాడుతోంది. ఎవరూ లేవలేదు.

"రేపు నేనొస్తాను మీ ఆఫీసుకి," అంది చివరికి.

"వద్దత్తయ్యా. ఇంకేదో చెబుతాను."

"ఏం చెబుతావు? అబద్ధమాడటం నీకు చేతకాదు. ఈ ఇంట్లో అది నాకొక్కదానికే వచ్చు."

*

గురువారం మధ్యాహ్నం హాలు నిండా జనం. హాజరు కోసం రాకతప్పని వాళ్లు కొందరు, ఏం జరుగుతుందో చూద్దామని వచ్చినవాళ్లు కొందరు. అత్తగారు ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని, శాలువా తలమీదుగా కప్పుకుని వచ్చింది. ఇంజనీరుగారు లేచి కుర్చీ చూపించారు. ఆవిడ కూర్చోలేదు.

"ఆ చుక్క నేనే బాబూ," అంది.

"ఏ చుక్కమ్మా?"

"గోడమీద చూపించారట కదా. ఆసుపత్రి దగ్గర కూర్చునేది. అది మా కోడలు కాదు, నేను. ఆసుపత్రిలోపలికి కూడా వెళ్లను. ఎదురుగా బస్‌స్టాపులో కూర్చుంటాను. నా కూతురు అందులో నర్సు. దానితో మాటల్లేవు నాకు. డ్యూటీ దిగి టీ తాగుతుంటే చూసి వచ్చేస్తాను. ఫోను వద్దంటే, పడిపోతానేమోనని ఈ పిల్లే పెట్టి పంపిస్తుంది."

ఒక్క గుక్కలో చెప్పేసింది. చెబుతున్నంతసేపూ బల్లమీది సిరాబుడ్డినే చూసింది. వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. ఇంజనీరుగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన రెండుసార్లు కాగితాలు సర్దారు.

"క్షమించండమ్మా. ఇంత ఉందనుకోలేదు. రెండో ఉద్యోగం మాట తీసేస్తాను," అన్నారు. నీళ్లమ్మ ఊపిరి వదిలింది. ఆయన ఇంకా పూర్తి చెయ్యలేదు. "కానీ ఆఫీసు పరికరాన్ని బయటివాళ్ల చేతికి ఇవ్వకూడదని రూలుంది. ఆ తప్పు మాత్రం రాయక తప్పదు. రికార్డులో పడుతుంది."

నీళ్లమ్మ తన చెవుల్ని తను నమ్మలేకపోయింది. అంతమందిలో ఆ ముసలావిడ తన గుండె తీసి బల్లమీద పెడితే, దానికి రసీదులా ఇంకో తప్పు రాస్తారట. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

అత్తగారు మొదటిసారి సిరాబుడ్డి మీంచి చూపు తిప్పింది. "ఎవరి పరికరం బాబూ?"

"ఆఫీసుదమ్మా. మన యాప్ ఉన్న ఏ ఫోనైనా ఆఫీసు పరికరం కిందే లెక్క."

ఆవిడ శాలువా జేబులోంచి ఫోను తీసి, బల్లమీద ఆయన ముందు పెట్టింది. "మీదని తెలీక వాడుకున్నాం. ఉంచుకోండి. సాయంత్రం పాలవాడు ఫోను చేస్తాడు, రేపటికి ఎన్ని పాలు కావాలో చెప్పండి. మా మనవరాలి స్కూలు బస్సు డ్రైవరు చేస్తాడు, వీధి చివరికి వెళ్లి దింపుకోండి. మావాడు చేసి ఇవాళ కూరేంటని అడుగుతాడు. ఏదో ఒకటి చెప్పండి, తింటాడు."

నవ్వు ఎక్కడ మొదలైందో తెలీదు. కంప్యూటరమ్మాయి తల వంచేసి భుజాలు అదురుతుంటే మీటల మీద పడుకున్నంత పని చేసింది. ఇంజనీరుగారు కంగారుగా ఫోనుని ఇటు తోశారు. "అబ్బెబ్బే, ఫోను మీదేనమ్మా. మీరే తీసుకెళ్లండి."

"మాదేనా?"

"మీదే."

"మాదైతే నేను పట్టుకెళితే తప్పేంటి బాబూ?"

రూళ్ల పుస్తకం అందుకోబోయిన ఆయన చెయ్యి మధ్యలో ఆగింది. నీళ్లమ్మ ఆ ఆగిన చేతిని చూసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో పై అధికారికి ఎదురు చెప్పి ఎరగని మనిషి, తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుంటే మాట్లాడింది.

"సార్, నీళ్లు నేను చూస్తాను. ఒక్క వీధి తప్పను. ఫొటో కావాలంటే ఆఫీసు ఫోనివ్వండి. పొద్దున్న ఇక్కడే తీసుకుని, డ్యూటీ దిగేటప్పుడు ఇక్కడే పెట్టి వెళతాను. ఇందులోంచి మీ యాప్ తీసేసుకోండి."

"ఆఫీసు దగ్గర ఫోన్లెక్కడివమ్మా?"

"మా దగ్గరెక్కడివని అడిగారా సార్?"

సోడాబుడ్డి లేచి వచ్చి తన ఫోను తీసి పక్కన పెట్టాడు. "నాది కూడా ఎవరిదో తేల్చెయ్యండి సార్. టీ తాగుతుంటే భయంగా ఉంది." అతని వెనక ఇంకొకామె వచ్చింది, ఆమె వెనక ఇద్దరు. బల్ల మీద పగిలిన తెరలు, పిల్లల బొమ్మల తొడుగులు, రబ్బరుబ్యాండుతో కట్టిన ఫోన్లు పోగుపడ్డాయి. ఎవరూ అరవలేదు, నినాదాలివ్వలేదు. మందులషాపు దగ్గర వరసలో నిలబడ్డట్టు నిలబడ్డారు.

ఇంజనీరుగారు చాలాసేపు ఆ పోగుకేసి చూశారు. నీళ్లమ్మకి ఇచ్చిన కాగితం ఇమ్మని చెయ్యి చాచి, తీసుకుని, సొరుగులో పెట్టి మూశారు. "పైవాళ్లకి రాస్తాను. వాళ్లేమంటారో నాకు తెలీదు," అని కంప్యూటరమ్మాయి వైపు తిరిగి, "తీసెయ్యి," అన్నారు మెల్లగా. ఒక్కో ఫోన్లోంచి తీసేసరికి పొద్దు వాలింది. ముందుగా పెట్టిన ఫోను పోగు అడుగున పడడంతో, తన వంతు చివర్న వచ్చేదాకా అత్తగారు కదల్లేదు. తీసేసిన తెరని కళ్లకి దగ్గరగా పెట్టుకుని, నిజంగానే పోయిందా అని రెండుసార్లు అడిగింది.

బయటికొచ్చాక నీళ్లమ్మ ఇంటి బస్సు కోసం చూస్తుంటే అత్తగారు రోడ్డు దాటి అవతలి బస్‌స్టాపుకి నడిచింది. నీళ్లమ్మ మాట్లాడకుండా వెనకే వెళ్లి పక్కన కూర్చుంది. వంతెన దాటేసరికి వీధిదీపాలు వెలిగాయి. రోజూ ఆవిడ తిరిగి ఇల్లు చేరే వేళ కూడా దాటిపోయింది. ఖాళీ టీబండి చూసి రావడానికి ఇంతదూరం ఎందుకని నీళ్లమ్మకి అనిపించింది కానీ అనలేదు.

బస్సు దిగారు. అత్తగారు బల్ల దగ్గర కూర్చోలేదు.

"ఊరందరి ముందూ చెప్పేశాను. దాని ముందు చెప్పడం ఒక్కటే మిగిలింది," అంది. "సిగ్గంతా మీ ఆఫీసులోనే అయిపోయిందే."

"వదిన వెళ్లిపోయి ఉంటుంది అత్తయ్యా. ఇంతసేపు ఎందుకుంటుంది?"

ఆవిడ వినలేదు. మోకాలు పట్టుకుంటూ రోడ్డు దాటింది. నీళ్లమ్మ పరుగున వెళ్లి చెయ్యి పట్టుకుంది. టీబండివాడు అప్పటికే పొయ్యి ఆర్పి, కప్పులు కడిగి బోర్లిస్తున్నాడు. బండి పక్కన, రోడ్డుకి వీపు పెట్టి, నడుము మీద చెయ్యి ఆనించుకుని ఒక తెల్లబట్టల మనిషి నిలబడి ఉంది. చేతిలో కప్పు లేదు. భుజానికి సంచి తగిలించుకునే ఉంది.

అత్తగారి అడుగులు ఆ వీపుకి కాస్త దూరంలో ఆగిపోయాయి. బస్సులో దారంతా కూడబలుక్కున్న మాటలేవీ రాలేదు.

"ఇవాళ ఇంత ఆలస్యమైందేమ్మా?" అంది వదిన, వెనక్కి తిరక్కుండానే.